పీహెచ్‌డీకి సిఫారసు లేఖ అడిగే ముందు జాగ్రత్తలు

అమెరికా విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ దరఖాస్తుకు సాధారణంగా 3 సిఫారసు లేఖలు అడుగుతాయి. గడువులు చాలావరకు డిసెంబరులోనే ముగుస్తాయి. కాబట్టి దసరా సెలవులకు ముందే గురువులను కలవండి.

హోదా చూసి అడగకండి, మీ పని చూసినవారిని అడగండి. కాకతీయ విశ్వవిద్యాలయమైనా, వరంగల్ నిట్ అయినా ఇదే మాట. "వరుసగా విఫలమవుతున్న ప్రయోగంలో లోపం నమూనా నిల్వలో ఉందని తానే కనిపెట్టింది" అని ప్రాజెక్టు దగ్గరుండి చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ రాసే ఒక్క వాక్యం, మీ ముఖమే గుర్తులేని ప్రిన్సిపాల్ రాసే పేజీడు పొగడ్త కన్నా బరువైనది.

"నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతా" అంటే దయచేసి ఒప్పుకోకండి. మూడు లేఖల్లోనూ ఒకే చేయి కనబడితే ప్రవేశాలు నిర్ణయించే కమిటీకి నమ్మకం పోతుంది. ప్రాజెక్టు నివేదిక, మార్కుల జాబితా, గడువు తేదీలు చేతికిచ్చి, "సార్, నా పని గురించి మీ మాటల్లోనే రాయండి" అని కోరండి.

దరఖాస్తులో లేఖ రాసేవారి సంస్థ ఈమెయిలే ఇవ్వండి. వారు రాసిన లేఖను తర్వాత మీరు చూసే హక్కు వదులుకుంటున్నట్లు అందులోనే గుర్తు పెట్టండి.

ఇక విదేశీ ప్రొఫెసర్లకు మీరే రాయడం. అమెరికాలో చాలా విభాగాల్లో ప్రవేశాలు కమిటీ చేతిలో ఉంటాయి. జర్మనీలో చాలాచోట్ల ముందు గైడ్ ఒప్పుకోవాలి. ఆ తేడా తెలుసుకుని, ఆ ప్రొఫెసర్ పరిశోధనా పత్రం ఒకటైనా పూర్తిగా చదివి, అందులోంచి ఒక ప్రశ్నతో రాయండి. ఒకే ఉత్తరం వందమందికి పంపకండి.

లేఖలు అమ్మే ఏజెంట్ల గడప తొక్కకండి. దొంగ లేఖ బయటపడితే వచ్చిన సీటు కూడా రద్దు కావచ్చు.