బోర్డో రెడ్ వైన్: ముందు ఏ ఒడ్డుదో చూడండి

బత్తాయి, నిమ్మ తోటలున్నవారికి బోర్డో పేరు కొత్తేమీ కాదు. మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టే బోర్డో మిశ్రమం పుట్టింది ఈ ఫ్రెంచి ద్రాక్షతోటల్లోనే. 1880లలో బూజు తెగులు తోటలను పీల్చేస్తుంటే దానికి విరుగుడుగా వచ్చింది. అక్కడి వైన్ కూడా మిశ్రమమే. ఒకే రకం ద్రాక్షను నమ్ముకుంటే ఆ వాతావరణం ముంచేస్తుంది. అట్లాంటిక్ దగ్గర కావడంతో వసంతంలో మంచు, కోతల వేళ వాన తప్పవు. మెర్లో ముందు పండుతుంది, కాబెర్నే సావిన్యోన్ ఆలస్యంగా పండుతుంది. ఒకటి దెబ్బతింటే రెండోది ఆదుకుంటుంది.

సీసా మీద చాలాసార్లు ద్రాక్ష రకం ఉండదు, ఊరి పేరే ఉంటుంది. అందుకే ఊరు ఏ ఒడ్డున ఉందో తెలియాలి. గారోన్, దోర్దోన్ నదులు కలిసి జిరోండ్ అవుతాయి. పొయాక్, మార్గో, సాన్ జూలియెన్, సాంత్ ఎస్తెఫ్ జిరోండ్‌కు ఎడమ ఒడ్డువి. అక్కడి గులకరాళ్ల నేల పగటి వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి ఆలస్యపు కాబెర్నే కూడా పక్వానికి వస్తుంది. బ్లెండ్‌లో అది తరచుగా 60–70 శాతం, మిగతాది ఎక్కువగా మెర్లో. చిన్న పండు, మందపు తొక్క వల్ల వగరు గట్టిగా ఉంటుంది. పొమెరోల్, సాంత్ ఎమిలియోన్ దోర్దోన్‌కు కుడి ఒడ్డువి. బంకమట్టి, సున్నపురాయి కలిసిన చల్లని నేల. అక్కడ మెర్లోదే రాజ్యం, తోడు కాబెర్నే ఫ్రాంక్ అనే మరో రకం. వైన్ మెత్తగా ఉంటుంది. ఊరి పేరు లేకుండా ఉత్త ‘బోర్డో’ అని ఉంటే చాలావరకు మెర్లో ఎక్కువున్నదే. దాన్ని దాచిపెట్టకుండా తాగేయడం మంచిది. మొదటిసారి కొనేవారికి మా సలహా కుడి ఒడ్డు.

కొనేటప్పుడు బిరడా చూడండి. అది సీసా అంచుకు పైకి ఉబ్బినా, మూత రేకు కింద జిగురు కనిపించినా ఆ వైన్ ఎక్కడో ఎండలో ఉడికిందన్నమాట. కిటికీ పక్క అరలో నిలబెట్టిన సీసా వద్దు. ఏళ్ల తరబడి దాచాలంటే 12–14 డిగ్రీల నిలకడైన చల్లదనం కావాలి, బిరడా ఎండిపోకుండా సీసాను పడుకోబెట్టాలి. వైన్ ఫ్రిజ్ లేని తెలుగు ఇళ్లలో మే నెల దాటించాలని చూడకండి, కొన్న కొద్ది వారాల్లో తాగేయండి.

‘గది ఉష్ణోగ్రతలో తాగాలి’ అనే మాట చల్లని దేశాల గదులకు చెప్పింది. కావలసింది 16–18 డిగ్రీలు. 32 డిగ్రీల గదిలోంచి తీసిన సీసాను ఐసు, నీళ్లు కలిపిన బకెట్‌లో 10–15 నిమిషాలు ఉంచితే చాలు. ఫ్రిజ్‌లో అయితే గంటన్నర పైనే పడుతుంది. వెచ్చగా ఉంటే ఆల్కహాల్ ముక్కుకు ఘాటుగా కొడుతుంది. మరీ చల్లబడితే వాసన ముడుచుకుపోయి వగరే మిగులుతుంది.

పదేళ్ల లోపు ఎడమ ఒడ్డు వైన్‌ను డికాంటర్‌లో (వెడల్పు అడుగున్న గాజు కూజాలో) పోసి గంటన్నర నుంచి రెండు గంటలు గాలి తగలనివ్వండి. కుడి ఒడ్డుదైతే అరగంట, మహా అయితే గంట. ఇరవై ఏళ్లు దాటిన సీసాకు ఈ లెక్క వర్తించదు. దాన్ని ఒంపేది గాలి కోసం కాదు, మడ్డి వేరు చేయడానికి. ఎక్కువసేపు వదిలితే ఉన్న కాస్త సువాసన పోతుంది.

మడ్డి తీసే పద్ధతి: కనీసం 24 గంటల ముందు సీసాను నిటారుగా నిలబెట్టండి, రెండు రోజులైతే ఇంకా మేలు. మెడ మీద రేకు మొత్తం తీసేయండి. మెడ కింద ఫోన్ టార్చి వెలుగు పడేలా పెట్టి, ఒకే వంపులో, సన్నని ధారగా పోయండి. మధ్యలో ఆపి సీసాను నిలబెట్టారో, మడ్డి అంతా కలిసిపోతుంది. ఎక్కువమంది చేసే తప్పు ఇదే. నల్లని చార సీసా భుజం దాటి మెడలోకి వస్తుంటే ఆపేయండి. 30–50 మిల్లీలీటర్లు పోతాయి, బాధపడొద్దు. బిరడా పొడిగా రాలితే సన్నని స్టీలు జాలీలో వడపోయండి. సబ్బుతో ఉతికిన గుడ్డ వాసన పట్టిస్తుంది.

పోసే ముందు వాసన చూడండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా వల్ల వచ్చిన చెడు. గాలి తగిలినా పోదు, దుకాణానికి తిరిగివ్వండి.

తోడుగా మిరియాల మటన్ వేపుడు బాగుంటుంది. మాంసం వగరును మెత్తబరుస్తుంది. కారం మాత్రం తగ్గించాలి. గుంటూరు కారం, ఆల్కహాల్, వగరు కలిస్తే నోరు మండడం తప్ప రుచి తెలియదు. గోంగూర, చింతపండు పులుపు ముందు ఈ వైన్ చప్పబడిపోతుంది.

750 మిల్లీలీటర్ల సీసాకు 150 చొప్పున ఐదు గ్లాసులు వస్తాయి. కుర్ర వైన్ మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు మూడు రోజులు ఉంటుంది. పాతదైతే ఆ రాత్రికే పూర్తి చేయాలి.