పాత కారు దారిలో ఆగకముందే: ఇంజిన్ లక్షణాలు, కారణాలు, మార్చాల్సిన పార్టులు

ఏపీ 36 నంబరు ప్లేటుతో తిరిగే కార్లు వరంగల్, హనుమకొండ రోడ్ల మీద ఇంకా చాలానే కనిపిస్తాయి. అవన్నీ తెలంగాణ రాకముందు రిజిస్టరైన బండ్లు కాబట్టి ఏది చూసినా పదేళ్ళు దాటినట్టే. మారుతి 800, ఆల్టో, శాంట్రో, పాత స్విఫ్ట్, ఇండికా ఏదైనా సరే, ఈ వయసులో ఇనుము గట్టిగానే ఉంటుంది. దెబ్బతినేది రబ్బరు, ప్లాస్టిక్, సీళ్ళు. బండి ఇంటి ముందే నిలబడి ఉన్నా మన ఎండలకు ఇవి గట్టిపడి పగులుతాయి. రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ వేడిలో బానెట్ కింద ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ప్రతి పార్టునూ ముందే మార్చాలంటే కారు ధర కంటే బిల్లే ఎక్కువవుతుంది. అందుకే నేను చూసేది రెండే. ఆ పార్టు పాడయ్యే ముందు ఏదైనా సూచన ఇస్తుందా? పాడైతే తనతో పాటు ఇంజిన్‌ను కూడా ముంచుతుందా? సూచన ఇవ్వకుండా ఇంజిన్‌ను ముంచే పార్టును వయసు చూసి మార్చేయాలి. మిగతావి లక్షణం కనబడ్డాక చూసుకోవచ్చు.

ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది, రోడ్డెక్కి స్పీడందుకుంటే దిగుతుంది

ఇది దాదాపు ఎప్పుడూ రేడియేటర్ ఫ్యాన్ సమస్యే. స్పీడులో ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లారుస్తుంది, నెమ్మదిగా పోయేటప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. రెండేళ్ళకోసారి మాఘమాసంలో వచ్చే మేడారం జాతరకు పోయినవాళ్ళకు ఇది బాగా తెలుసు. ములుగు దాటాక, పస్రా నుంచి తాడ్వాయి దాకా బండ్లు ఏసీతో ఇంచు ఇంచు కదులుతుంటే, బలహీనమైన ఫ్యాన్ ఉన్న కార్లు వరుసగా పక్కకు ఆగిపోతాయి.

ఇంటి దగ్గరే పరీక్షించవచ్చు. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో కాసేపట్లో ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్) చూడాలి. అదే రకం రిలే హారన్‌కు ఉంటే దాన్ని తీసి ఇక్కడ పెట్టి చూడవచ్చు. రెండూ బాగుంటే మెకానిక్‌తో బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యాన్‌కు కరెంటు ఇప్పించండి. తిరిగితే తప్పు వైరింగ్‌లోనో, టెంపరేచర్ స్విచ్‌లోనో ఉంది. తిరగకపోతే, లేదా మూలుగుతూ నీరసంగా తిరిగితే, మోటారు మార్చాల్సిందే. పదేళ్ళు దాటిన మోటారుకు బ్రష్‌లు వేయించి నడిపేకంటే కొత్తది వేయడం మేలు.

దారిలో ముల్లు లేస్తుంటే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, అద్దాలు దించండి. హీటర్ ఇంజిన్ వేడిని కొంత లోపలికి లాగేస్తుంది. చెమటలు పడతాయి కానీ ఇంజిన్ బతుకుతుంది. ముల్లు ఎరుపులోకి పోతే ఇక నడపొద్దు. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు, కాలిన ఇంజిన్ మీద చల్లటి నీళ్ళు పోయొద్దు. ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్ వంగిపోతుంది.

హైవే మీదే వేడెక్కుతుంది, లేదా కూలెంట్ మాటిమాటికీ తగ్గుతుంది

జాతీయ రహదారి మీద హైదరాబాద్ పోతుంటేనో, నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కుతుంటేనో ముల్లు లేస్తే ఫ్యాన్‌ను అనుమానించకండి. రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉంటుంది, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) పూర్తిగా తెరుచుకోకపోయి ఉంటుంది, లేదా కూలెంట్‌ను తిప్పే వాటర్ పంప్ అరిగి ఉంటుంది. పూడికకు మన దగ్గర పెద్ద కారణం బోరు నీళ్ళు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం వేడికి తెల్లటి పెచ్చుగా కట్టి సన్నటి గొట్టాలను మూసేస్తాయి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయాలి. కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని మందులుంటాయి, ఉత్త నీళ్ళలో ఉండవు.

కూలింగ్ పార్టుల్లో ముందు మార్చాల్సింది రేడియేటర్ మూత. చాలా తక్కువ ఖర్చు, చేసే పని చాలా ఎక్కువ. అది పట్టి ఉంచే పీడనం వల్లే నీళ్ళు త్వరగా మరగవు. ఒక బార్ అదనపు పీడనం ఉంటే మామూలు నీళ్ళు కూడా దాదాపు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. మూత రబ్బరు ఎండిపోతే ఆ రక్షణ పోయినట్టే.

తర్వాత రేడియేటర్ హోస్ పైపులు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నొక్కి చూడండి. మెత్తగా సాగిపోయినా, కరకరమన్నా, క్లిప్పుల దగ్గర ఉబ్బినా పైనా కిందా రెండూ కలిపి మార్చేయండి. వాటర్ పంప్ కింద ఎండిన కూలెంట్ మరక కనిపిస్తే దాని సీలు పోయినట్టు. ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గుతూ, సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్ల పొగ వస్తున్నా, ఆయిల్ మూత కింద మీగడలా కట్టినా హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) పోయి ఉండొచ్చు. ఆ స్థితిలో ‘ఊరికి పోయొచ్చాక చూద్దాం’ అనుకోవద్దు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు సార్’ అని దాన్ని పీకేసే మెకానిక్‌లు ఉన్నారు. ఒప్పుకోవద్దు. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది. చల్లగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుదలా పెరుగుతుంది. థర్మోస్టాట్ పాడైతే కొత్తది వేయాలి, అంతే.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది కదా, కూలింగ్ పని ఆ సమయానికే పూర్తి చేయించుకోండి.

ఏ లక్షణమూ లేదు, బండి బాగానే నడుస్తోంది

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే, ఎందుకంటే వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపే టైమింగ్ బెల్టు చెప్పి తెగదు. ఆల్టో 800, శాంట్రో, 1.1 లీటర్ ఐ10, మొదటి తరం 1.3 లీటర్ పెట్రోల్ స్విఫ్ట్‌లలో ఉండేది బెల్టే. అది తెగితే పైన వాల్వులు ఆగిపోతాయి, కింద పిస్టన్లు మాత్రం తిరుగుతూనే ఉంటాయి. చాలా ఇంజిన్లలో రెండూ ఢీకొని వాల్వులు వంగుతాయి, డీజిల్ అయితే అది దాదాపు ఖాయం. బెల్టు ఖర్చుతో పోయేది హెడ్ విప్పే ఖర్చవుతుంది.

కిలోమీటర్ల లెక్క మీ కారు మాన్యువల్‌లో చూడండి. సాధారణంగా 60,000 నుంచి 1,00,000 మధ్య ఉంటుంది. తక్కువ తిరిగే బండికి ఆ లెక్క పనికిరాదు, అయిదేళ్ళు నిండితే మార్చేయండి. పాత కారు కొన్నప్పుడు బెల్టు మార్చిన బిల్లు చేతికి రాకపోతే, మార్చలేదనే అనుకోవాలి. బెల్టుతో పాటు దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్, ఐడ్లర్ బేరింగ్, క్యామ్, క్రాంక్ ఆయిల్ సీళ్ళు కూడా వేయించండి. బేరింగ్ పట్టేసినా, కారే ఆయిల్ తగిలినా కొత్త బెల్టు కూడా నిలవదు. వాటర్ పంప్ ఆ వెనకాలే ఉండే ఇంజిన్లలో అదీ అప్పుడే మార్చాలి, విప్పే కూలీ ఒకటే కదా. తేదీ, కిలోమీటర్లు చిన్న కాగితం మీద రాసి బానెట్ లోపల అతికించండి.

మారుతి కే10, హ్యుందాయ్ 1.2 కప్పా ఇంజిన్లకు, స్విఫ్ట్ డీజిల్‌కు ఉండేది చైన్. దీనికి ఇంత భయం అక్కర్లేదు. పొద్దున స్టార్ట్ చేయగానే ముందువైపు గలగలమంటే చైన్ సాగినట్టో, టెన్షనర్ పోయినట్టో. చైన్, టెన్షనర్, గైడ్లు సెట్టుగా మార్చాలి. ఆయిల్ మార్చడం ఆలస్యం చేసేవాళ్ళకే ఇది త్వరగా వస్తుంది.

వేడి మీద టక్కున ఆగిపోతుంది, అరగంటకు మళ్ళీ స్టార్టవుతుంది

ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో మొదటి అనుమానం ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టే క్రాంక్ సెన్సర్ మీద, రెండోది పెట్రోలు పంపు మీద. తాళం ఆన్ చేయగానే వెనక సీటు వైపు రెండు సెకన్లు సన్నగా జుయ్‌మనాలి. ఆ శబ్దం రాకపోతే పంపో, దాని రిలేనో. శబ్దం వస్తూ, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెం కూడా కదలకపోతే సెన్సర్. సెకండ్ హ్యాండ్ సెన్సర్ కొనకండి. పంపును చల్లగా ఉంచేది ట్యాంకులోని పెట్రోలే, కాబట్టి ఎప్పుడూ రిజర్వు మీద నడిపితే అది త్వరగా పోతుంది.

పొద్దున కీచుమంటుంది

బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో బెల్టు వదులైంది లేదా పగిలింది. స్ప్రేలు కొట్టి శబ్దం ఆపడం వల్ల లాభం లేదు, బెల్టు మార్చి సరిగ్గా బిగించాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టులు వస్తే డైనమో బాగున్నట్టే.

క్లచ్ పెడల్ రోజురోజుకూ గట్టిపడితే ముందు కేబుల్ మార్చి చూడండి. పికప్ తగ్గి, ఐడ్లింగ్‌లో కుదిపితే ప్లగ్గులు చూడండి.

డబ్బు ఒకేసారి సర్దలేకపోతే టైమింగ్ బెల్టు సెట్టు మొదట, మూత, హోస్ పైపులు, కూలెంట్ రెండోసారి, ఫ్యాన్ మోటారు మూడోసారి చేయించండి. డైనమో, సెల్ఫ్ మోటారు, ఇంజెక్టర్లు బాగా పనిచేస్తుంటే ముందుజాగ్రత్త పేరుతో కదపొద్దు. అవి పాడయ్యే ముందు చాలావరకు తెలుస్తుంది, వాటికి పెట్టే డబ్బుతో బెల్టు, సీళ్ళు ఒరిజినల్‌వి వస్తాయి.