లూపస్ ఉందా? నెల తప్పకముందే చూసుకోవాల్సినవి

టెస్టులో రెండు గీతలు కనపడగానే లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే సొంత అవయవాల మీద దాడి చేసే జబ్బు) ఉన్న చాలామంది చేసే పని మాత్రల డబ్బా బీరువాలో పెట్టేయడం. "కడుపుతో ఉండి ఇన్ని మందులేంటే?" అని ఇంట్లో పెద్దావిడ ఒక్క మాట అంటే చాలు. నాకు తెలిసినావిడ అలా రెండు నెలలు ఆపేసింది. చివరికి దువ్వెన కూడా పట్టుకోలేనంతగా వేళ్లు బిగుసుకుపోతే అప్పుడు పరుగెత్తింది.

లూపస్‌కు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర ఆపకూడదు. తొమ్మిది నెలలూ, పాలిచ్చేటప్పుడూ వాడే మందే అది. లూపస్‌కే ఇచ్చే మైకోఫెనలేట్, మెథోట్రెక్సేట్ సంగతి వేరు. వీటివల్ల బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు. మైకోఫెనలేట్‌ను గర్భానికి కనీసం 6 వారాల ముందే మానాలి, మెథోట్రెక్సేట్‌ను డాక్టరు చెప్పినట్టు 1 నుంచి 3 నెలల ముందు. బదులుగా అజథయోప్రిన్ లాంటిది మొదలుపెట్టి, అది పడుతోందో లేదో చూడటానికీ టైము కావాలి. జబ్బు, ముఖ్యంగా కిడ్నీల్లో, కనీసం 6 నెలలు సద్దుమణిగి ఉన్నాకే పిల్లల గురించి ఆలోచించమని రుమటాలజిస్టులు (కీళ్లు, లూపస్ లాంటి జబ్బులు చూసే డాక్టర్లు) చెప్పేది అందుకే.

ఇక యాంటీ-రో అనే యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూసే రక్తపరీక్ష. ఇది చేయించుకోకుండా ముందుకెళ్లొద్దు. ఈ యాంటీబాడీలు మాయ దాటి బిడ్డలోకి వెళ్తాయి. ఇవి ఉన్న తల్లుల్లో 100కి సుమారు ఇద్దరి బిడ్డలకు గుండెలో కరెంటు దారి దెబ్బతింటుంది. నిమిషానికి 110కి పైగా కొట్టుకోవాల్సిన గుండె 60 సార్లే కొట్టుకోవచ్చు. ఆ దారి పూర్తిగా తెగిపోతే (పూర్తి బ్లాక్) అది పోదు, పేస్‌మేకర్ దాకా వెళ్లొచ్చు. అంతకుముందు ఒక బిడ్డకు ఇలా జరిగి ఉంటే ముప్పు చాలా పెరుగుతుంది, అలాంటివాళ్లకు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆ ముప్పును తగ్గిస్తుంది కూడా. 16వ వారం నుంచి 26 దాకా బిడ్డ గుండెకు ఎకో ఎన్నిసార్లు చేయించాలో ముందే అడిగి పెట్టుకోండి.

గర్భస్రావాలు వరసగా అయినవాళ్లు యాంటీఫాస్ఫోలిపిడ్ (రక్తం గడ్డకట్టే ముప్పు పెంచే యాంటీబాడీల) పరీక్షలూ చేయించుకోవాలి. అవి పాజిటివ్ అయితే ఆస్పిరిన్‌తో పాటు హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు.

"కడుపుతో ఉంటే కాళ్లు వాయవూ?" అనే మాట లూపస్ ఉన్నచోట పనికిరాదు. అది గర్భంలో బీపీ పెరిగి వచ్చే గుర్రపువాతమో (ప్రీఎక్లాంప్సియా), కిడ్నీకి లూపస్ తిరగబెట్టిందో డాక్టర్లే పరీక్షలన్నీ చేసి తేల్చుకోవాలి. తలనొప్పి, కళ్లు మసకలు, నురగ మూత్రం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

ఏడో నెలలో శ్రీమంతం చేసి పుట్టింటికి తీసుకెళ్తారు కదా, చీరల పెట్టెలో ఫైలు కూడా పెట్టండి. యాంటీ-రో రిపోర్టు అన్నిటికంటే పైన ఉండాలి. పుట్టింటి ఊళ్లో నవజాత శిశువుల ఐసీయూ లేకపోతే, నామాట విని, ఆ ప్రయాణం మానుకోండి.

బిడ్డ పుట్టాక పొద్దున్నే ఎండలో పడుకోబెట్టే అలవాటు మనది. తల్లికి యాంటీ-రో ఉంటే అది వద్దు. అలాంటి బిడ్డల్లో కొందరికి కళ్ల చుట్టూ వచ్చే ఎర్రటి వలయాల్లాంటి దద్దుర్లు ఎండకు రేగుతాయి. తల్లి యాంటీబాడీలు తగ్గాక, 6-8 నెలల్లో అవి మామూలుగా వాటంతటవే పోతాయి. చివరి నెలల్లో తల్లి బయలాజిక్ ఇంజెక్షన్లు (ఒంటి రక్షణ వ్యవస్థను అణిచే ఒక రకం మందులు) తీసుకుని ఉంటే, పుట్టగానే వేసే బీసీజీకి ముందే పిల్లల డాక్టరుకు చెప్పాలి. అది బతికున్న క్రిమితో చేసిన టీకా, వాయిదా వేయాల్సి రావచ్చు.

పురుడయ్యాక అందరి కళ్లూ బిడ్డ మీదే ఉంటాయి. లూపస్ తిరగబెట్టడానికి అదీ ఒక అదను. బిడ్డ టీకా కార్డు మీదే తల్లి రుమటాలజీ చెకప్ తేదీ కూడా రాసిపెట్టుకోండి.