పాత కారు పొద్దున్నే లాగడం లేదా? ముందు ముల్లు చూడండి

పాత పెట్రోల్ కారు. పొద్దున్నే స్టార్ట్ అయితే అవుతుంది. మెయిన్ రోడ్డెక్కి గట్టిగా తొక్కితే మాత్రం లాగదు, జెర్కులు కొడుతుంది. మైలేజ్ కూడా పడిపోయింది. మా కాలనీలో పాత మారుతీలున్న వాళ్లకు నేను సగం మెకానిక్‌ని కాబట్టి, ఈ కంప్లైంట్ నెలకొకసారైనా వింటాను. వచ్చేవాళ్లు అప్పటికే ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ మార్పించి ఉంటారు. కొందరైతే ఇంజెక్టర్లు కూడా క్లీన్ చేయించి వస్తారు. "బండి లాగనప్పుడు టెంపరేచర్ ముల్లు ఎక్కడుంది?" అని అడిగితే మాత్రం నా మొహం చూస్తారు.

మన దగ్గర "బండి హీటైంది" అంటే చెడ్డ వార్త. ముల్లు హెచ్ (హాట్) వైపు కదిలితే అందరికీ టెన్షనే. అదే ముల్లు సి (కోల్డ్) దగ్గర పడుకుని ఉంటే ఇంజిన్ చల్లగా హాయిగా ఉందనుకుంటారు. అది హాయి కాదు. చల్లటి సిలిండర్ గోడకు తగిలిన పెట్రోల్ ఆవిరి కాకుండా గోడ మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. పిస్టన్ ఇంకా పూర్తిగా వ్యాకోచించదు, సిలిండర్‌లో కాస్త వదులుగానే ఆడుతుంటుంది. ఆయిల్ ఏమో చిక్కగా ఉంటుంది. మన పాత బండ్లలో పోసే 20W-40లో ఆ 40 అన్నది 100 డిగ్రీల దగ్గర చూసిన చిక్కదనం. డిసెంబరు పొద్దున 12 డిగ్రీల్లో అదే ఆయిల్ ఆముదంలా కదులుతుంది.

మొదటి రెండు మూడు నిమిషాలే లాగడం లేదు, తర్వాత బాగుంది

బండి తప్పేం లేదు, తొందర మనదే. సందులోంచి బయటపడగానే ఫ్లైఓవర్, కార్లో నలుగురు, పైగా ఏసీ. అంత బరువుకి చల్లటి ఇంజిన్ ఏం లాగుతుంది? ఇంకా పాత కార్బురేటర్ బండైతే చోక్ (చల్లటి ఇంజిన్‌కి పెట్రోల్ పాలు పెంచే మీట) తొందరగా లోపలికి నెట్టేశారేమో చూసుకోండి.

పది కిలోమీటర్లు పోయినా అంతే, హైవే మీద ముల్లు కిందికి దిగుతోంది

అసలు సంగతి ఇక్కడుంది. ఇది నాకే తగిలిన దెబ్బ, అందుకే కొంచెం సాగదీస్తాను.

నాది 2004 మోడల్ మారుతి 800, ఎంపీఎఫ్ఐ, అంటే కంప్యూటర్ లెక్కన ఇంజెక్టర్లు పెట్రోల్ చిమ్మే రకం. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. హైదరాబాద్‌లో తిరిగినంత సేపూ ఏ తేడా కనిపించలేదు. చలికాలంలో తెల్లవారుజామున విజయవాడ బయల్దేరితే ఎల్బీ నగర్ సిగ్నళ్ల దగ్గర ముల్లు సగానికి కొంచెం కింద నిలబడేది. హయత్‌నగర్ దాటి, చౌటుప్పల్ వచ్చేసరికి సి గీత మీద కూర్చునేది. టోల్ దగ్గర ఆగితే మళ్లీ లేచేది. నేనేమో గేజ్ పాడైందనుకున్నాను. రెండు చలికాలాలు అలాగే నడిపాను. ప్లగ్గులు నల్లగా మసి పట్టేవి. పెట్రోల్ ఫిల్టర్ మార్పించాను, ఇంజెక్టర్లు క్లీన్ చేయించాను, ఓ వైరింగ్ ఆయనకు కూడా డబ్బు ముట్టజెప్పాను.

చివరికి ఓ పొద్దున బోనెట్ తెరిచి, స్టార్ట్ చేసి, రేడియేటర్ పై హోస్ పైపు మీద చేయి పెట్టి నిలబడ్డాను. నిమిషం గడిచేసరికే పైపు గోరువెచ్చనైంది. అలా కాకూడదు. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపేది థర్మోస్టాట్ వాల్వ్. అది సరిగ్గా ఉంటే ఇంజిన్ వేడెక్కేదాకా ఆ పైపు చల్లగానే ఉండాలి, తర్వాత ఒక్కసారిగా చేయి పెట్టలేనంత వేడెక్కాలి. ఇంజిన్ చల్లారాక ఆ పైపు వచ్చి కలిసే మూత విప్పాను. లోపల వాల్వ్ లేదు. పాడైన వాల్వ్ కూడా కాదు, ఖాళీ గుంట!

ఎవరు తీసేశారో తెలియదు కానీ ఎందుకు తీసి ఉంటారో మాత్రం తెలుసు. ఎప్పుడో వాల్వ్ మూసుకుపోయి బండి హీటై ఉంటుంది. "మన ఎండలకు ఇది అక్కర్లేదు సార్" అని పీకి పారేసి ఉంటారు. ఈ మాట నేను వేర్వేరు షెడ్లలో స్వయంగా విన్నాను. ఎండలు నిజమే కానీ, 42 డిగ్రీల ఎండలో కూడా ఇంజిన్‌కి కావాల్సిన వేడిలో సగమే ఉంటుంది. వాల్వ్ లేకపోతే స్టార్ట్ చేసిన క్షణం నుంచే నీళ్లు రేడియేటర్‌లో తిరిగి చల్లారి వస్తుంటాయి. స్పీడు మీద గాలి కొట్టేకొద్దీ ఇంకా చల్లబడతాయి. ట్రాఫిక్‌లో లేచి హైవే మీద దిగే ముల్లు చెప్పేది ఇదే. ఎంపీఎఫ్ఐ బండిలో నష్టం ఇంకో మెట్టు ఎక్కువ. నీళ్లు చల్లగా ఉన్నాయని సెన్సర్ చెబుతుంది, కంప్యూటర్ పాపం ఇంజిన్ ఇంకా వేడెక్కలేదనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. నా నల్ల ప్లగ్గుల రహస్యం అదీ.

దీని తోడబుట్టిన పని ఇంకోటుంది, ఫ్యాన్‌ని డైరెక్ట్ చేయడం. తాళం తిప్పగానే రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలుపెడితే, మీ బండికి ఆ వైద్యం కూడా జరిగిందన్నమాట. వాల్వ్ వేశాక దాన్ని కూడా మళ్లీ థర్మో స్విచ్ (నీళ్లు వేడెక్కాకే ఫ్యాన్ తిప్పే స్విచ్) మీదికి మార్పించండి.

వాల్వ్ ఉండి కూడా, తెరుచుకుని ఉండగానే ఇరుక్కుపోవచ్చు. రేడియేటర్‌లో ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన బండ్లలో ఉప్పు, తుప్పు పట్టి అలా అవుతుంది. బయటికి తీసి చూస్తే, చల్లగా ఉన్నప్పుడు వెలుతురు దూరే సందు కనిపించకూడదు. కొత్తది కొన్నా సరే, బిగించే ముందు ఒకసారి పరీక్షించండి. వాల్వ్ రేకుని కొంచెం ఎత్తి సందులో దారం ఇరికించి, పాత గిన్నెలో నీళ్లు కాస్తూ, ఆ దారంతో అడుగుకు తగలకుండా వేలాడదీయండి (టీ గిన్నె వాడితే ఇంట్లో జరిగేదానికి నా పూచీ లేదు). దాని మీద అచ్చేసిన డిగ్రీల దగ్గర, చాలావాటికి 82 లేదా 88, అది నోరు తెరిచి దారం వదిలి నీళ్లలో టప్‌మని పడాలి. నీళ్లు మరిగిపోతున్నా పడకపోతే షాపులో తిరిగిచ్చేయండి.

బిగించేటప్పుడు స్ప్రింగ్ ఇంజిన్ వైపుండాలి, గాలి పోయే చిన్న రంధ్రం పై వైపుకి రావాలి. గ్యాస్కెట్ కొత్తది వేయండి. కూలెంట్ పోశాక రేడియేటర్ మూత తీసే ఉంచి, అప్పుడే స్టార్ట్ చేసి, హీటర్ పూర్తిగా తెరిచి, బుడగలు ఆగేదాకా నడపండి. లోపల గాలి ఉండిపోతే ముల్లు ఈసారి నిజంగానే హెచ్‌కి పోతుంది. వేడి బండి మూత తీయకూడదని విడిగా చెప్పక్కర్లేదనుకుంటా.

వాల్వ్ ధర కొన్ని వందలు. నేను అంతకుముందు తగలేసిందెంతో రాయను.

ఇక వేడెక్కించడం ఎలా

స్టార్ట్ చేసి, బెల్టు పెట్టుకుని, అద్దం సర్దుకునేంత సేపు చాలు. అరనిమిషం, బాగా చలిగా ఉంటే నిమిషం. తర్వాత కదలండి. పావుగంట ఐడిల్‌లో ఉంచితే పెట్రోల్ కొంత ఆయిల్‌లో కలుస్తుంది, ఇంజిన్ కూడా అంతంతమాత్రమే వేడెక్కుతుంది. పార్కింగ్‌లో నిలబెట్టి బుర్రుబుర్రుమని రేజ్ చేసే అలవాటు అంతకన్నా పాడు. ముల్లు తన మామూలు చోటికి వచ్చేదాకా ఏసీ వద్దు, సగం కంటే ఎక్కువ తొక్కొద్దు, టాప్ గేర్లో ఈడ్పించొద్దు. ముల్లు చూపించేది నీళ్ల వేడి మాత్రమే, ఆయిల్ ఇంకా వెనకబడే ఉంటుంది. కాబట్టి ముల్లు నిలబడ్డాక ఇంకో ఐదు పది నిమిషాలు ఓపిక పట్టి, ఆ తర్వాత ఎంత తొక్కుతారో తొక్కండి.

మిగతావి

పొద్దున సైలెన్సర్ నుంచి కాసేపు తెల్ల ఆవిరి, నీటి చుక్కలు వస్తే వదిలేయండి. స్టార్ట్ చేయగానే నీలం పొగ ఒక్కసారి వచ్చి ఆగితే ఇంజిన్ వాల్వుల సీళ్లు (ఇవి వేరే వాల్వులు, థర్మోస్టాట్ కాదు) అరిగి ఉంటాయి, తీరికగా చేయించుకోవచ్చు. ట్యాపెట్ల (ఆ ఇంజిన్ వాల్వులను తెరిచే భాగాలు) టకటక చప్పుడు వేడెక్కినా తగ్గకపోతే గ్యాప్ సెట్ చేయించండి. పై పైపు మండిపోతున్నా ముల్లు లేవకపోతే గేజో దాని సెన్సరో పోయి ఉంటుంది.

ఆయిల్ పోసే మూత కింద పాలకాఫీ రంగు నురగ కనిపిస్తే చాలామంది హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ తలకీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయి నీళ్లు ఆయిల్‌లో కలిశాయని హడలిపోతారు. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండికి, వాల్వ్ లేని బండికి అది మామూలే. కూలెంట్ తగ్గుతోందేమో వారం రోజులు గీత పెట్టి చూడండి. తగ్గకపోతే నురగ తుడిచేసి వాల్వ్ సంగతి చూడండి. తగ్గుతుంటే మాత్రం అది గ్యాస్కెట్టే అయ్యుండొచ్చు. ఇక నడపకండి, షెడ్డుకి లాగించుకెళ్లండి.