చలికాలం బండి మీద చేతులు కొంకర్లు పోతున్నాయా? చలి ఎక్కడ పట్టుకుంటోందో ముందు చూడండి

బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబర్, జనవరిల్లో తెల్లవారుజామున 15, 16 డిగ్రీలు ఇక్కడ మామూలే. ఈ ఊరి రికార్డుల్లో అతి తక్కువ 7.8 డిగ్రీలు, అదీ ఎప్పుడో 1884 జనవరి 13న. ఢిల్లీవాళ్లు వింటే నవ్వుతారు. కానీ నెల్లూరు నుంచో విజయవాడ నుంచో వచ్చి మారతహళ్లి పీజీలో దిగినవాళ్లకి మాత్రం నవ్వు రాదు. ఆరింటి షిఫ్టుకి స్కూటర్ తీస్తే, ఎలక్ట్రానిక్ సిటీ చేరేలోపే ఇండికేటర్ నొక్కడానికి బొటనవేలు మొరాయిస్తుంది. ఆ సాయంత్రమే ఫుట్‌పాత్ మీద ఉన్ని గ్లవ్స్ కొంటారు. మర్నాడు చూస్తే అదే కథ.

చేతులకి చలి ఒకే దారిలో రాదు. దారిని బట్టి మందు మారుతుంది. అందుకే డబ్బులు పెట్టేముందు ఒకరోజు గమనించండి: చలి ముందు ఎక్కడ మొదలైంది? వేళ్ల వీపు మీదా, కొసల్లోనా, అరచేతిలోనా?

గ్లవ్స్ ఉన్నా వేళ్ల పైభాగం, కణుపులు జివ్వుమంటున్నాయి

ఎక్కువమంది బాధ ఇదే. కారణం గాలి. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు అరచేయి గ్రిప్ చాటున ఉంటుంది, కణుపులు మాత్రం ఎదురుగాలికి నేరుగా నిలబడతాయి. స్కూటర్‌కి ముందుండే రేకు మోకాళ్లని కాపాడుతుంది కానీ చేతులు దానికి పైనే ఉంటాయి.

ఎదురుగాలిలో ఒంటికి ఎంత చలి తగులుతుందో లెక్కగట్టే సూత్రం ఒకటి వాతావరణ శాస్త్రంలో ఉంది. దాని ప్రకారం 10 డిగ్రీల చలిలో గంటకు 60 కిలోమీటర్ల గాలి తగిలితే అది సుమారు 5 డిగ్రీల చలితో సమానం. 30కి తగ్గితే ఆరున్నర దగ్గర ఆగుతుంది. 80కి పెంచితే నాలుగున్నరకి వస్తుంది. అంటే మెల్లగా పోతే చలి తగ్గుతుందనుకోవడం పెద్దగా కలిసిరాదు. ఒకటిన్నర డిగ్రీ కలిసొస్తుంది, చలిలో గడిపే సమయం మాత్రం రెట్టింపవుతుంది. అదే గాలిని పూర్తిగా ఆపేస్తే మళ్లీ 10 డిగ్రీలే. కాబట్టి మందంగా ఉండే గ్లవ్ కంటే గాలి దూరని గ్లవ్ ముఖ్యం.

ఉన్ని అల్లిక గ్లవ్ ఇక్కడే ఓడిపోతుంది. ఇంట్లో కూర్చున్నప్పుడు వెచ్చగా ఉంటుంది, బండి మీద గాలి అల్లిక సందుల్లోంచి దూసుకుపోతుంది. వేసవికని కొన్న మెష్ రైడింగ్ గ్లవ్స్ కూడా అంతే, గాలి ఆడాలనే వాటిని కుట్టారు. కొట్లో చిన్న పరీక్ష చెయ్యండి. గ్లవ్ వేలి పైభాగం నోటికి ఆనించి గట్టిగా ఊదండి. లోపల పెట్టిన రెండో చేతి వేలికి ఊపిరి తగిలిందంటే అది మీకు పనికిరాదు. కొట్టువాడు కాస్త వింతగా చూస్తాడు, చూడనివ్వండి. కుట్ల దగ్గర కూడా ఊదండి, చాలా గ్లవ్స్‌లో గాలి దూరేది అక్కడే. తోలువి గానీ, లోపల గాలి ఆపే పొర ఉన్నవి గానీ ఈ పరీక్షలో నెగ్గుతాయి.

వెంటనే కొనలేకపోతే, మెడికల్ షాపులో దొరికే పల్చటి నైట్రైల్ గ్లవ్స్ (డాక్టర్లు వేసుకునే రబ్బరు లాంటివి) లోపల వేసుకుని పైన ఉన్నివి తొడగండి. గాలి ఆగుతుంది. అరగంట, ముప్పావు గంట ప్రయాణానికి బాగానే ఉంటుంది. దూరం వెళ్తే లోపల చెమట పడుతుంది, ఆగినప్పుడు తీసి తుడుచుకోవాలి.

రోజూ పొద్దున్నే వెళ్లేవాళ్లకి నా ఓటు హ్యాండిల్ కవర్లకే. డెలివరీ కుర్రాళ్లు కొందరు గ్రిప్, లీవర్ రెండూ కలిపి కప్పేసే సంచుల్లాంటివి తగిలిస్తారు, అవే. చూడ్డానికి బాగుండవు, ఆఫీసు పార్కింగ్‌లో జోకులు పడతాయి. కానీ వాటి లోపల మామూలు గ్లవ్స్ కూడా సరిపోతాయి. కొనేటప్పుడు రెండు చూడండి: లీవర్ పూర్తిగా నొక్కి వదిలితే గుడ్డ ఎక్కడా అడ్డు తగలకుండా దానంతట అది వెనక్కి రావాలి, చెయ్యి ఒక్క ఊపులో బయటికి రావాలి. హారన్, ఇండికేటర్ కనపడవు కాబట్టి బండి ఆపి ఉంచి తడుముకుంటూ కాసేపు అలవాటు చేసుకోండి. ఈ ఊళ్లో హారన్ వెతుక్కోవడం మొదలెడితే కష్టం. బైకు అయితే హ్యాండ్ గార్డులు ఇంకో దారి. పడినప్పుడు లీవర్ విరక్కుండా పెట్టే ఉత్త ఇనుప కడ్డీలు కాదు, ముందు ప్లాస్టిక్ పలక ఉన్నవి. ఇలాంటి సామాన్లకి జేసీ రోడ్డు ఒక రౌండు వేస్తే చాలు.

గ్లవ్స్ మందంగానే ఉన్నాయి, గాలీ దూరడం లేదు, అయినా వేలికొసలు మొద్దుబారుతున్నాయి

ఇక్కడ తప్పు గ్లవ్స్‌ది కాకపోవచ్చు. ఒంటికి చలేస్తే శరీరం ముందు గుండె, ఊపిరితిత్తులు, కడుపు చూసుకుంటుంది. చేతుల్లోకి వెళ్లే రక్తనాళాలని కుదించేస్తుంది. గ్లవ్ తనంతట వేడి పుట్టించదు, రక్తం తెచ్చిన వేడిని నిలిపి ఉంచుతుంది, అంతే. రక్తమే రాకపోతే ఎంత ఖరీదైన గ్లవ్ అయినా ఏం చేస్తుంది?

కాబట్టి ఛాతీ, మెడ కప్పండి. చొక్కా మీద స్వెట్టర్, దాని మీద గాలి ఆపే జాకెట్. మీదున్నది మెష్ జాకెట్ అయితే దాని మీద రెయిన్‌కోట్ వేసుకున్నా పనవుతుంది. మెడకి మఫ్లర్ చుట్టండి, కొసలు లోపలికి దోపండి. వేలాడితే చక్రంలో పడతాయి. పొద్దున్నే ఏమీ తినకుండా, ఒక సిగరెట్ మాత్రం కాల్చి బయల్దేరేవాళ్లు ఇది వినండి: నికోటిన్ కూడా రక్తనాళాలని కుదిస్తుంది. వెచ్చదనం కోసం కాల్చిన సిగరెట్ వేళ్లని ఇంకా చల్లబరుస్తుంది.

తర్వాత మణికట్టు. గ్లవ్‌కీ జాకెట్ చేతికీ మధ్య రెండు వేళ్ల సందు ఉందా? నాడి చూసేది అక్కడే, రక్తం చర్మానికి బాగా దగ్గరగా పారే చోటు. ఆ సందులో గాలి తగిలితే వేళ్లకి చేరే రక్తం దారిలోనే చల్లారుతుంది. పొడుగు కఫ్ ఉన్న గ్లవ్ జాకెట్ చేతి మీదుగా లాక్కోవాలి. లేదంటే పాత సాక్సు ముందు భాగం కత్తిరించి, మిగిలిన గొట్టాన్ని మణికట్టుకి తొడిగి దాని మీద గ్లవ్ వేసుకోండి. పైసా ఖర్చు లేదు.

ఇక సైజు. గ్లవ్ వేసుకుని హ్యాండిల్ పట్టుకున్నప్పుడు వేలికొసలు గుడ్డకి ఒత్తుకుంటుంటే అది చిన్నదే. రక్తం ఆడదు, వేడిని నిలిపే గాలిపొరకీ చోటుండదు. లోపల ఇంకో పల్చటి జత వేసే ఉద్దేశం ఉంటే, ఆ జత వేసుకునే కొట్టుకి వెళ్లి కొలత చూసుకోండి.

చూపుడు వేలు, మధ్య వేలు మాత్రమే చల్లబడుతున్నాయి

లీవర్ మీద వేళ్లు ఆన్చి నడుపుతున్నారన్నమాట. రాత్రంతా బయట ఉన్న లోహం వేడిని లాగేస్తుంది. లీవర్లకి రబ్బరు తొడుగులు దొరుకుతాయి, వేయించుకోండి. ట్రాఫిక్‌లో వేళ్లు లీవర్ మీద ఉండాల్సిందే కాబట్టి అలవాటు మానమని చెప్పను.

ముసురులో గ్లవ్స్ తడిసిపోయాయి

నవంబర్, డిసెంబర్‌లలో చెన్నై వైపు తుపాను పట్టిందంటే బెంగళూరులో మబ్బు, ముసురు తప్పవు. నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని దాటిస్తుంది. పైగా ఆరేటప్పుడు ఇంకాస్త వేడి లాక్కుపోతుంది. తడి గ్లవ్ కంటే పొడి చెయ్యికి నైట్రైల్ గ్లవ్ ఒక్కటే తొడిగినా మేలు, అయితే పడితే అది రక్షణ ఇవ్వదు కాబట్టి దాని మీద ఇంకేదైనా పొడి జత ఉండాలి. డిక్కీలో ఒక జత ప్లాస్టిక్ కవర్లో చుట్టి పడేసి ఉంచండి. వానలో మాత్రం రెయిన్‌కోట్ చేతులు గ్లవ్ మీదకి రావాలి, లేకపోతే కోటు మీది నీళ్లన్నీ గ్లవ్‌లోకే కారతాయి.

కరెంటుతో వేడెక్కే హీటెడ్ గ్రిప్స్ వేయిస్తే అరచేయి కాలుతోంది, వేళ్ల వీపు గడ్డకడుతోంది

సహజమే. వేడి అరచేతి వైపు, గాలి రెండోవైపు. హ్యాండ్ గార్డో కవరో లేకుండా ఇవి సగం పనే చేస్తాయి. ఇంకోటి, వీటికి 30 నుంచి 50 వాట్ల దాకా కావాలి, అంటే ఒక హాలోజన్ హెడ్‌లైట్ అంత. చిన్న స్కూటర్ సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ పోతుంటే బ్యాటరీ నిండడం కష్టమవుతుంది. పెద్ద బైకు మీద హైవే తిరిగేవాళ్లకి సరే. తాళం తీస్తే కరెంటు ఆగిపోయేలా రిలే (దానంతట అదే కరెంటుని కలిపి, తెంచే స్విచ్చు) పెట్టి వైరింగ్ చేయించండి.

చల్లగా లేదు, తిమ్మిరిగా ఉంది

ఇది చలి కాకపోవచ్చు. గ్రిప్‌ని పిసికేస్తూ పట్టుకోవడం, వైబ్రేషన్, అరిగిపోయిన గ్రిప్‌లు. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లలో తిమ్మిరి వచ్చి, రాత్రి నిద్రలో కూడా లేపుతుంటే మణికట్టులో నరం నొక్కుకుంటోందేమో డాక్టర్‌కి చూపించాలి. చలికి వేళ్లు గీత గీసినట్టు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా, వెచ్చబడ్డాక ఎర్రగా మారి నొప్పెడుతుంటే దాన్ని రేనాడ్స్ అంటారు. దానికీ డాక్టరే. షుగర్ ఉన్నవాళ్లు హీటెడ్ గ్రిప్స్‌తో జాగ్రత్త, స్పర్శ తగ్గిన చేతికి కాలడం తెలియదు.

దారి మధ్యలో చేతులు పూర్తిగా కొంకర్లు పోయాయి

సంక్రాంతికి బస్సు టికెట్ దొరక్క హిందూపురం, అనంతపురం బైకు మీద బయల్దేరినవాళ్లకి ఇది హెబ్బాళ్ ఫ్లైఓవర్ దాటాక, దేవనహళ్లి, చిక్కబళ్లాపురం మధ్య బయలు ప్రదేశంలో ఎదురవుతుంది. నంది కొండకి పోయేవాళ్లకి ఇంకా ఎక్కువ, అది 1478 మీటర్ల ఎత్తు. ఊరికన్నా మూడు డిగ్రీలకి పైగా చల్లన.

బొటనవేలితో చిటికెన వేలి కొసని తాకి చూడండి. తాకలేకపోతే బ్రేక్ సమయానికి పడదు. వెంటనే ఎడమవైపుకి తీసి ఆపండి. సైలెన్సర్ మీదా ఇంజన్ మీదా చేతులు పెట్టకండి. కాలుతున్నట్టు తెలిసేసరికి చర్మం ఊడొస్తుంది. గట్టిగా రుద్దడం కూడా వద్దు. గ్లవ్స్ తీసి చేతులు చంకల్లో పెట్టుకోండి, లేదా భుజాల నుంచి చేతుల్ని గుండ్రంగా జోరుగా తిప్పండి. రక్తం కొసలకి తోసుకొస్తుంది. పక్కన టీ కొట్టు ఉంటే గ్లాసుని కర్చీఫ్‌తో పట్టుకోండి. వేళ్లలో సూదులు గుచ్చినట్టు అనిపిస్తే భయం లేదు, రక్తం తిరిగి వస్తోంది. పిడికిలి పూర్తిగా బిగిసి, రెండు లీవర్లూ చివరిదాకా నొక్కగలిగాకే బండి తియ్యండి.