చదివింపుల పుస్తకం కూడా అప్పుల లెక్కే

తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో రోజంతా ఫీజుల లెక్కలు రాస్తాను. మా ఇంటి అప్పు మొత్తం ఎంతో మాత్రం 2022 ఆగస్టు దాకా నాకే తెలియదు. నా జీతం అప్పట్లో 24,000, సెల్ షాపులో మావారికి 17,000. ఇరవయ్యో తారీఖు వచ్చేసరికి ఇద్దరి ఖాతాలూ ఖాళీ.

ఒక ఆదివారం రాత్రి పిల్లలు పడుకున్నాక మా అమ్మాయి పాత లెక్కల నోట్సు తీసి వెనక పేజీల్లో రాయడం మొదలుపెట్టాం. క్రెడిట్ కార్డు 62,000. అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి మా వీధిలో పిన్నిగారి దగ్గర ప్రోనోటు మీద తెచ్చింది 1,50,000. బావగారిచ్చిన చేబదులు 40,000. కిరాణా కొట్లో ఖాతా 7,400. గీత గీసి కూడబోతుంటే మావారు నా చేతిలో పెన్ను పట్టుకుని ఆపారు. "ఇంకోటి ఉంది," అన్నారు గోడకేసి చూస్తూ. లోన్ యాప్‌లో 18,000. నాలుగు నెలలుగా నాకు చెప్పలేదు.

నేను కోప్పడ్డాను. మీరు మాత్రం ఆ రాత్రికి ఆపుకోండి. అరిస్తే మిగతా అప్పులు బయటికి రావు. మళ్లీ రెండు రోజులాగి ఇంకోసారి కూర్చోండి, మర్చిపోయినవి కూడా అప్పుడు గుర్తొస్తాయి. మా మొత్తం 2,77,400 తేలింది.

తర్వాతి పని వడ్డీలన్నిటినీ ఒకే కొలతలోకి తేవడం. పిన్నిగారి వడ్డీ నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు ఏడాది లెక్కన చెబుతుంది. కార్డువాళ్లు నెల లెక్కే చెబుతారు కానీ చిన్న అక్షరాల్లో చెబుతారు. అన్నిటినీ మనకు అలవాటైన "నూటికి నెలకింత"లోకి మార్చి రాసుకోండి. మా కార్డు వడ్డీ నెలకు మూడున్నర, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. కలిపితే నూటికి 4 రూపాయల 13 పైసలు. "అమ్మో, ఆవిడ నూటికి రెండు తీసుకుంటుందట" అని వీధిలో చెప్పుకునే పిన్నిగారి కంటే రెట్టింపు!

మేము నెలనెలా మినిమమ్ డ్యూ, అంటే కార్డు బిల్లులో కనీసం ఇంతైనా కట్టమని వేసే మొత్తం, 3,100 కట్టేసి హమ్మయ్య అనుకునేవాళ్లం. అందులో 2,560 వడ్డీకీ జీఎస్టీకీ పోయేది. అసలులో తగ్గేది 540. పైగా బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా ఏం కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. 45 రోజులు, 50 రోజులు వడ్డీ లేదనే మాట బాకీ మొత్తం కట్టేసేవాళ్లకే.

బీరువాలో నా మూడు కాసుల గాజులు ఊరికే ఉన్నాయి. బ్యాంకులో పెట్టి 62,000 తెచ్చి కార్డు బాకీ మొత్తం కట్టేశాం. బంగారం మీద వడ్డీ ఏడాదికి 9 శాతం, మన లెక్కలో నూటికి 75 పైసలు. నెలకు 2,560 పోయేచోట 465. బంగారం గడప దాటితే లక్ష్మి వెళ్లిపోతుందని మా అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆవిడకి ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపించాను. మూడో రోజు మాట్లాడారు. ఇలా చేసేవాళ్లు ఆ వడ్డీ ఏ నెలకా నెల కట్టేయండి. ఏడాది చివర ఒక్కసారే కడదామనుకుంటే అప్పటికి చేతిలో ఉండదు, గాజులు వేలానికి వెళ్తాయి.

ఇక్కడ నేనూ ఒక తప్పు చేశాను. బాకీ తీరిన రోజు కార్డుని కత్తెరతో రెండు ముక్కలు చేసి గొప్పగా ఫీలయ్యాను. నంబరు మాత్రం ఫోన్లో షాపింగ్ యాప్‌లో అలాగే ఉంది. సంక్రాంతికి 2,899 చీర, మూడు నెలల ఈఎంఐ. అది మావారికి నేను చెప్పలేదు, ఆయనే మెసేజ్ చూశారు. అందుకని కత్తిరించడంతో సరిపెట్టకండి, కార్డు క్లోజ్ చేయమని బ్యాంకుకి రాయండి. బాకీ లేకపోతే ఏడు పనిరోజుల్లో మూసేయాలి, ఆలస్యమైతే బ్యాంకే రోజుకి 500 మనకు కట్టాలి అన్నది రిజర్వు బ్యాంకు నిబంధన.

యాప్ అప్పు వడ్డీ లెక్క చూడకుండానే ముందు తీర్చాం, మనశ్శాంతి కోసం. పొద్దున్న ఆరున్నరకే ఫోన్లు. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని నిబంధన ఉందని మాకప్పుడు తెలియదు. బెదిరింపులు, ఫొటోలు పంపుతామనడం దాకా వస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సిగ్గుపడి ఇంకో యాప్‌లో తెచ్చి దీనికి కట్టకండి.

ప్రోనోటు అప్పుకి ముఖ్యం నోరు విప్పి అడగడం. "పిన్నిగారూ, అసలు ఒక్కసారే ఇవ్వలేను, పదేసి వేలు చొప్పున తీసుకుంటారా?" అని అడిగితే ఆవిడ సరేనన్నారు, పదికి తక్కువైతే మాత్రం వద్దన్నారు. పది కట్టినప్పుడల్లా నెల వడ్డీ 200 తగ్గేది. ఎంత నమ్మకమున్నా కట్టిన ప్రతిసారీ నోటు వెనక తేదీ వేసి చెల్లు రాయించండి. చివరి వాయిదా రోజున నోటు చేతికి తీసుకునే ఇంటికి రండి. "ఎక్కడో పెట్టానమ్మా, రేపిస్తా" అంటే, వెతికిందాకా అక్కడే కూర్చుని మజ్జిగ తాగండి.

వడ్డీ లేని బావగారిది ఆఖరున పెట్టాం. కాకపోతే ఆ మాట ముందే ఫోన్ చేసి చెప్పాం. చీటీ పాడుకుని అన్నీ ఒక్కసారే తీర్చేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ముందే పాడితే పోగొట్టుకునే పాట డబ్బులూ వడ్డీయే కదా అని వద్దనుకున్నాం.

ఇక బడ్జెట్. మాది నెల బడ్జెట్ వేసినప్పుడల్లా తప్పేది. ఎందుకో ఏడాది క్యాలెండర్ ముందు పెట్టుకుంటే తెలిసింది. జూన్‌లో స్కూలు ఫీజులు, పుస్తకాలు. శ్రావణంలో వ్రతం, పెళ్లిళ్లు. దసరా, సంక్రాంతి. బండి ఇన్సూరెన్సు. ఇవేవీ అనుకోని ఖర్చులు కావు, ఏటా వచ్చేవే. నెల కాగితం మీద వాటికి చోటు లేదంతే. ఫీజులు 32,000, పండగలు 14,000, బండి 5,000, మందులు 6,000 అని రాశాక చదివింపుల దగ్గర ఆగాం.

ఓణీల ఫంక్షన్ నాటి చదివింపుల పుస్తకం తీశాను. ఎర్ర అట్ట, పసుపు మరకలు, మా మరిది రాత. ఎవరెంత చదివించారో వరసగా ఉంది: 500, 1,116, 516, మా పెద్దమ్మవాళ్లు 5,116. మొత్తం 61,000. అప్పుడు దాన్ని వచ్చిన డబ్బనుకుని షామియానాకీ భోజనాలకీ ఇచ్చేశాం. వాళ్లింట్లో పెళ్లయితే మేము అంతకు తగ్గకుండా చదివించాలి. వడ్డీ లేదు, నోటు లేదు, తేదీ మాత్రం వాళ్ల చేతిలో ఉంటుంది. ఆ పేర్లలో ఎవరింట్లో పెళ్లీడు పిల్లలున్నారో చూసి పెన్సిల్‌తో సంవత్సరం వేశాను. మా అత్తగారు ఈ పనిలో నాకంటే ఘనురాలు, ఏ సంబంధం ఎక్కడిదాకా వచ్చిందో ఆవిడకి తెలుసు. ఏడాదికి 12,000 తేలింది.

అన్నీ కలిపి 69,000, పన్నెండుతో భాగిస్తే 5,750. జీతం పడ్డ మర్నాడే అది పోస్టాఫీసు సేవింగ్స్ ఖాతాలో వేసేస్తాను. 500తో తెరిచాం, ఏటీఎం కార్డు కావాలనే తీసుకోలేదు. తీయాలంటే క్యూలో నిలబడాలి, ఆ విసుగే మాకు కాపలా. ఇంటి ఖర్చు 14,000కి వేరే ఖాతా, ఇద్దరి ఫోన్లలో స్కాన్ చేసేది దానికే కలిపాం. సోమవారం సోమవారం 3,200 అందులో వేస్తాను. గురువారానికి అయిపోతే శుక్రవారం పప్పుచారు.

మొదటి మూడు నెలలూ లెక్క కుదరలేదు, పాల డబ్బులే రెండుసార్లు మర్చిపోయాను. అంకెలు మార్చి మళ్లీ రాశాం. కిరాణా ఖాతా తీర్చాక ఆ కొట్టు మానేయలేదు, అరువు మానేశాం.

ప్రోనోటు 2024 దసరాకి చేతికొచ్చింది. తర్వాత గాజులు విడిపించాం. బావగారి ఆఖరి వాయిదా 2025 సెప్టెంబరులో ఇచ్చాం. చదివింపుల పుస్తకంలో ఇంకా 29,000 దాకా ఉంది. త్వరలో రెండు పెళ్లిళ్లు, పెద్దమ్మ మనవరాలిది కూడా ఖాయమయ్యేలా ఉందని మా అత్తగారు చెప్పారు. అందుకని ఈ నెల పోస్టాఫీసులో 500 ఎక్కువ వేశాను.