డోర్ బీడింగ్ ఊడి వస్తుంటే
పాత కారు డోర్ మీది ప్లాస్టిక్ బీడింగ్ (డోర్ బయట పొడవునా అంటించి ఉండే పట్టీ) ఒక చివర లేచి, స్పీడు పెరిగినప్పుడల్లా టపటపా కొట్టుకుంటుంటే భలే చిరాకు. సూపర్ గ్లూ జోలికి వెళ్లకండి, అది పెళుసుగా గట్టిపడి డోర్ అదురుకే మళ్లీ విడిపోతుంది, పెయింట్ కూడా పాడవుతుంది.

ముందు బీడింగ్ పై అంచు వెంటే డోర్ మీద మాస్కింగ్ టేప్ అంటించుకోండి, తిరిగి పెట్టేటప్పుడు వంకర పోదు. హెయిర్ డ్రయ్యర్‌తో రెండు మూడు నిమిషాలు వేడి చేసి, చేపల గాలానికి వాడే నైలాన్ దారాన్ని వెనక నుంచి రంపంలా లాగితే బీడింగ్ మొత్తం వచ్చేస్తుంది. పాత జిగురును బొటనవేలితో రుద్దండి, ఉండలు ఉండలుగా రాలుతుంది, ఓపిక కావాలి కానీ అసలు పని అదే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (జిడ్డు తుడిచే స్పిరిట్), నీళ్లు సగం సగం కలిపి డోర్ మీద, బీడింగ్ వెనక తుడిచి ఆరాక, కార్లకు వాడే డబుల్ సైడ్ ఫోమ్ టేప్‌ను బీడింగ్ వెనక అంచు నుంచి 3 మిల్లీమీటర్లు లోపలికి వేసి, అరచేత్తో గట్టిగా నొక్కుతూ అతికించండి. 24 గంటలు నీళ్లు తగలనివ్వొద్దు, పూర్తి పట్టుకు 3 రోజులు పడుతుంది.

బీడింగ్ కింద తుప్పు ఉన్నా, పెయింట్ పొంగినా ఇది నిలవదు, టేప్ ఆ పెయింట్‌తో సహా ఊడొస్తుంది. క్లిప్పులతో బిగించిన బీడింగ్ అయితే లాగకండి, విరుగుతుంది.